పులి కెప్టెన్ కక్కిన నిజం

సరంగుకి పగ తీర్చుకోవడం తప్ప అన్నీ వచ్చు. తాడు ముడెయ్యడం వచ్చు, గాలిని బట్టి వాన చెప్పడం వచ్చు, నవల రాయడం వచ్చు. మీసాలు రాకముందే ఓడెక్కి, మోకాళ్ళు అరిగాక దిగి, రేవు వీధిలో ఒక మేడమీద చేరి సముద్రం నవలలు రాస్తూ కూర్చున్నాడు. జనం గొప్ప రచయిత అన్నారు. ఆయన మాత్రం ఒకే ఒక్క మనిషి మీద కసితో రాశాడు. ఆ మనిషి ఆయన పాత కెప్టెన్.

సంగతేమిటంటే, సరంగు తమ్ముడు అదే ఓడలో కెప్టెన్ గదికి నౌకరు. ఓ మధ్యాహ్నం కెరటాలు లేచిన వేళ సముద్రంలో పడిపోయాడు. మనిషి పడ్డాడని సరంగు గొంతు చించుకున్నా కెప్టెన్ ఓడ మళ్ళించలేదు. పైగా ఒడ్డుకొచ్చాక, తాగి దూకేశాడని చెప్పాడు. ఆ తమ్ముడు సోడా అయినా ఆలోచించి తాగే రకం. అయినా ఊరు నమ్మింది. నమ్మి, అతని భార్యని తాగుబోతు పెళ్ళామంది. ఆవిడ బావగారింట్లోనే ఉంటూ, ముందు గదిలో మిషను మీద టార్పాలిన్లు కుట్టేది. ఓడల కథలు మాత్రం ముట్టుకునేది కాదు.

"తమ్ముడు తాగలేదని ఆ కెప్టెన్ నోటితోనే నీకు చెప్పిస్తానమ్మా," అని సరంగు ఆవిడకి మాటిచ్చాడు.

మాటైతే ఇచ్చాడు గానీ దారి తెలియలేదు. ప్రతి నవల్లోనూ కెప్టెన్‌కి పులి అని పేరు పెట్టి చంపాడు. ఒకదాంట్లో సొరచేపకి వేశాడు, ఇంకోదాంట్లో తెరచాప కొయ్యకి ఉరితీశాడు. అయితే చెయ్యి తిరిగిన రచయిత కదా, శత్రువుని అల్పుడిగా రాయడానికి మనసొప్పలేదు. పులికి ధైర్యమిచ్చాడు, గాండ్రింపిచ్చాడు, చచ్చేముందు మంచి డైలాగు కూడా ఇచ్చాడు. కొంప అక్కడే మునిగింది. పాఠకులకి పులి తెగ నచ్చేశాడు. మంగలి షాపులో పులి మీసం పెట్టమని అడిగేవాళ్ళు తయారయ్యారు. అసలు కెప్టెనేమో నావికుల క్లబ్బులో కాలుమీద కాలేసుకుని, "ఆ పులి నేనే," అని చెప్పుకుంటూ పుస్తకాల మీద సంతకాలు పెట్టడం మొదలెట్టాడు. కోతిని చెయ్యబోతే దేవుడైపోయాడు.

సరంగుకి కడుపు మండిపోయింది.

ఓడ మనుషులకి ఒక కట్టుబాటుంది. ఫలానావాడు దొంగ అనొచ్చు, దుర్మార్గుడనొచ్చు. ఫలానావాడు ఓడ ఊగితే కక్కుకుంటాడని మాత్రం ఒడ్డున అనకూడదు. ఆ మాట పడ్డవాణ్ణి ఇక ఎవడూ లెక్కచెయ్యడు. సరంగు ఇన్నేళ్ళూ ఆ మర్యాదకి కట్టుబడి, ఓడలో తాను చూసిన కెప్టెన్ సంగతి కడుపులోనే దాచుకున్నాడు. సంతకాల కబురు విన్నాక, మర్యాద ఏట్లో కలిసిపోనీ అనుకున్నాడు.

కొత్త నవల వారపత్రికలో మొదలైంది. పేరు ‘బకెట్టు’. మొదటి వారమే పులి కెరటాన్ని చూసి గది తలుపేసుకుని కక్కుకున్నాడు. నౌకరు బకెట్టు పట్టాడు, కడిగాడు, ఎవరికీ చెప్పలేదు. ఊరు పగలబడి నవ్వింది. ఆ పులి నేను కాదందామంటే కెప్టెన్ తానే ఊరంతా చాటింపు వేసుకున్నాడాయె.

మర్నాడే మెట్లెక్కి వచ్చాడు.

"హంతకుణ్ణని రాసుకో. ఇన్నాళ్ళూ రాశావు, ఏమన్నా అన్నానా?"

"అనలేదు సార్. సంతకాలు పెట్టారు."

"క్లబ్బులో నా కుర్చీ పక్కన ఎవడో బకెట్టు పెట్టాడయ్యా."

"ఖాళీదేనా?" అన్నాడు సరంగు. అంత హాయిగా ఆయన నవ్వి చాలా ఏళ్ళయింది.

కెప్టెన్ మొహం పాలిపోయింది. "ఏం కావాలో చెప్పు. ఇది మాత్రం ఆపెయ్."

"అమ్మాయ్," సరంగు పిలిచాడు, "మిషను ఆపి ఓసారి ఇలా రామ్మా."

ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. కెప్టెన్ కాసేపు మింగలేక కక్కలేక అవస్థపడ్డాడు.

"మీ ఆయన తాగలేదమ్మా. కాలు జారి పడ్డాడు. నేనే ఓడ మళ్ళించలేదు."

"ఎందుకని?"

"మళ్ళించాలంటే ఓడని కెరటాలకి అడ్డంగా తిప్పాలి. తిప్పితే బాగా ఊగుతుంది. అందరూ చూస్తుండగా నేను..." ఆగిపోయాడు.

"ఆయన ఏం చేస్తూ పడ్డారు?"

"నా బకెట్టు పారబోస్తూ."

ఆవిడ గుమ్మం పట్టుకుంది. ఏడుస్తుందేమోనని సరంగు లేవబోయాడు. ఏడవలేదు.

"చెప్పాను కదా, ఇక ఆపెయ్," అన్నాడు కెప్టెన్. సరంగు మెత్తబడ్డాడు. ఇచ్చిన మాట నెగ్గింది, కాళ్ళబేరానికి వచ్చినవాణ్ణి ఇంకేం కొడతాం అనిపించింది. రాసిన కాగితాలు చింపడానికి చేతిలోకి తీసుకున్నాడు.

"ఉంచండి బావగారూ," అందావిడ. "తాగి దూకాడని ఊరందరికీ చెప్పారు. తాగలేదని ఈ గదిలో మనిద్దరికే చెబితే సరిపోతుందా? ఆ బకెట్టు పట్టింది మా ఆయన. ఆయన చేసిన పని కొట్టెయ్యడానికి మనమెవరం?"

కెప్టెన్ గుమ్మం వైపు నడిచాడు. ఆవిడ తప్పుకోలేదు. కుర్చీ లాగి ఆయన ముందు వేసింది.

"కూర్చోండి. బావగారు చివరిదాకా చదువుతారు. మా ఆయన పడ్డ చోట తప్పేమన్నా ఉంటే చెప్పండి, అచ్చుకి వెళ్ళేముందు దిద్దుకుంటాం."

కెప్టెన్ కూర్చున్నాడు.