మర్రీ జేబులో సంతకం

ఉతికే మెషీన్లో వేసేముందు మా ఆయన మర్రీ ప్యాంటు జేబులు వెతకడం నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో భాగం. ముక్కు తుడిచిన రుమాలు, చేపల గాలం, పడవ తాళాలు, వాటికి వేలాడుతూ మా కంపెనీ సంతకం. వేలెడంత యూఎస్‌బీ స్టిక్. అది పెట్టి సంతకం వేస్తేగానీ పాడిరైతుల కోసం నేను రాసిన జావా ప్రోగ్రాంని ఏ కంప్యూటరూ దగ్గరికి రానివ్వదు. "ఎవరిదో తెలియదు, జాగ్రత్త" అని రైతుల్ని బెదరగొడుతుంది. సంతకం ఉంటే మర్యాదగా అడుగుతుంది: "ఇది మర్రీ టాప్లిన్‌ది. నమ్ముతున్నారా?" మా ఊరు హావెరా చుట్టుపక్కల పాడిరైతులంతా కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా నమ్ముతున్నామని నొక్కుతారు. ఒక్క లైను రాయడం రాని మనిషి మీద ఎంత నమ్మకమో!

అత్తగార్లు బీరువా తాళాలు బొడ్లో దోపుకున్నట్టు ఆ స్టిక్‌ని ఆయనే ఉంచుకుంటాడు. పోయిన చలికాలం, మందు వేసిన ఆవు పాలు వేరుగా పెట్టమని ప్రోగ్రాం హెచ్చరించే చోట తప్పు దొర్లింది. వెంటనే సరిచేశాను. సంతకం మాత్రం సముద్రం మీద షికారు చేస్తోంది. ఫోన్ చేస్తే, "చేపలు పడే టైములో నీ గోలేంటే?" అన్నాడు. మా అత్త బెవర్లీ స్కోన్ రొట్టెలకు వెన్న రాస్తూ, "వాడి నెత్తిన ఎన్ని బాధ్యతలో పాపం! నీకేం, ఇంట్లో కూర్చుని టైపు కొట్టుకుంటావు" అంది. సాయంత్రం దాకా రైతుల తిట్లు తిన్నది ఈ టైపిస్టే. ఆ తర్వాత రైతుల సభలో ఆయన స్టేజీ ఎక్కి ప్రోగ్రాం గురించి తెగ దంచి, నన్ను చూపించి, "మా ఆఫీసు పనులు చూస్తుంది, టీ కూడా బాగా పెడుతుంది" అన్నాడు. జనం నవ్వారు. సిగ్గు లేకుండా నేనూ నవ్వాను.

ఈ నెల ఆ సంతకం సర్టిఫికెట్ గడువు అయిపోయింది. కొత్తదానికి ప్రోగ్రాం తాలూకు మనిషి పాస్‌పోర్టుతో వీడియోలో కనపడాలి.

"ఆ తలనొప్పి నాకెందుకు బంగారం, నువ్వే చూసుకో" అన్నాడు మర్రీ.

చూసుకున్నాను. నా పాస్‌పోర్టు చెంప పక్కన పట్టుకుని కూర్చుంటే అవతల సర్టిఫికెట్లిచ్చే కంపెనీ అమ్మాయి పేరు చెప్పమంది. లినెట్ ప్రౌస్. పెళ్లయ్యాక కూడా నేను మార్చుకోని పేరు. చెబుతుంటే దొంగతనం చేస్తున్నట్టు తలుపు వైపు చూశాను. నా సొత్తు నేను తీసుకోవడానికి ఈ దొంగచూపులేంటని నా మీద నాకే ఒళ్లు మండింది. కొత్త స్టిక్ వచ్చింది. నిన్న కొత్త వెర్షన్‌కి దానితోనే సంతకం వేసి పంపించాను.

పొద్దున్నే ఓ రైతు పాల షెడ్డులోంచి మర్రీ ఫోను.

"లిన్, ఏదో తప్పు జరిగింది. ఇది లినెట్ ప్రౌస్‌ది అంటోందే!"

"తప్పేం లేదు. నాదే."

ఆవుల అరుపుల మధ్య గొంతు తగ్గించాడు. "ఇక్కడ అందరూ నా మొహమే చూస్తున్నారు. నమ్ముతున్నారా అని అడుగుతోంది. ఏం నొక్కమంటావ్?"

నా చేతిలో ఆయన ప్యాంటు ఉంది. జేబులు వెతక్కుండానే మెషీన్లో పడేశాను.

"నమ్ముతున్నానని నొక్కు, మర్రీ. లేదంటే ఇంటికొచ్చి నువ్వే రాసుకో."