అంచు దారం

ఫ్యాక్టరీ కొలిమిలోంచి కరిగిన ఇనుము చుక్క ఒకటి ఎగిరి మరిది కోటు మీద పడింది. ఉన్ని కోటైతే ఆ చోట మాడి, నల్లబడి ఊరుకునేది. ఇది మాడలేదు, కరిగింది. కరిగి చర్మానికి అతుక్కుపోయింది. ఆస్పత్రిలో దాన్ని ఊడబెరుకుతుంటే అతను పెట్టిన కేకలు వదిన పక్కనే నిలబడి విన్నది. మూడోనాటికి అతను పోయాడు.

ఫ్యాక్టరీ కుట్టుశాలలో ఆమె దర్జీ. మరిది పిలిచినట్టే కొలిమి పనివాళ్ళంతా ఆమెను వదినా అనే పిలుస్తారు. ఆ కోటు కుట్టింది కూడా ఆమే. కుట్టే ముందు ప్రతి తానుకూ అంచు దారం ఒకటి లాగి కాల్చి చూడటం అక్కడి పద్ధతి. జుట్టు కాలిన కంపు కొట్టి బూడిదైతే ఉన్ని. కరిగి గట్టి పూసలా మిగిలితే ప్లాస్టిక్ నూలు. ఈ తాను అంచు బూడిదైంది. ఆమె నమ్మి కత్తెర పట్టింది. కంపెనీకి గుడ్డనూ కూలీలనూ సరఫరా చేసే కాంట్రాక్టరు ఎంత ఘనుడో చూడండి! అంచు వరకే ఉన్నితో నేయించాడు. మధ్యంతా ప్లాస్టికే.

గేటు దగ్గర పనివాళ్ళ మీటింగులో ముసలి మేస్త్రి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పంతా దర్జీదేనని కంపెనీ నోటీసు అంటించింది. నోరు మెదపకు వదినా. ఒప్పుకున్నావంటే జైలే."

"మెదపకపోతే? గోదాములో ఆ కోట్లు ఇంకా రెండొందలున్నాయి. అవి ఎవరి ఒంటి మీదికి?"

"ఉన్ని బరువు, చెమట, ఇదైతే తేలికని మనమే మురిసిపోయాం కదా!" అన్నారెవరో.

ఆమె స్టూలెక్కింది. "అంచు కాల్చింది నేనే. మధ్యలో చూడలేదు. నా మరిదిని నా చేతులారా చంపుకున్నాను. నాది తప్పు. ఆ అంచు నేయించినవాడిది హత్య. విప్పండ్రా ఆ కోట్లు!"

 ముందు మేస్త్రి గుండీలు విప్పాడు, వెనకే మిగతావాళ్ళూ. విప్పిన కోట్లు నలభై కుప్పపడ్డాయి. చలికి దవడలు కొట్టుకుంటున్నా అంతా గేటుకు అడ్డంగా కూర్చున్నారు.

పోలీసులు వచ్చారు. "తప్పు ఒప్పుకుందిగా, జీపెక్కించండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. వెనకే కాంట్రాక్టరు లారీ నిండా కొత్త మనుషుల్ని దింపి, వరుసగా నిలబెట్టి, గోదాములోని కోట్లు పంచడం మొదలుపెట్టాడు.

ఆమెను ఈడ్చుకెళ్తుంటే వరుసలో ఒకడు అడిగాడు. "అక్కా, ఇది వేసుకుంటే నిజంగా ప్రాణం పోతుందా?"

"పోతుంది తమ్ముడూ. పారెయ్."

"ఇంట్లో పొయ్యి వెలిగి నాలుగు రోజులైంది" అని, అతను తల వంచుకుని కోటులో చేతులు దూర్చాడు. 

పోలీసులు గేటుకు అడ్డంగా కూర్చున్నవాళ్ళను లాఠీలతో బాది, దారి చేసి కొత్తవాళ్ళను లోపలికి పంపారు. ఆ పూట కొలిమి ఆగలేదు. వరుసలోంచి ముగ్గురు మాత్రం కోట్లు నేలకేసి కొట్టి గేటు దగ్గరికి వచ్చారు. మేస్త్రి నెత్తురు తుడుచుకుంటూ జరిగి చోటిచ్చాడు.