ఎలుగుబంటి ఊపిరి

పదకొండేళ్లపాటు ఆమె ఒక పిల్లల కార్టూన్‌లో ఉడతకు గొంతు ఇచ్చింది. గొంతులో గడ్డ తీసేశాక మాట గుసగుసగా మిగిలిపోయింది. "ఇక ఇంతేనమ్మా" అని డాక్టరు చెప్పినప్పుడు, ఏడుస్తుందేమోనని అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. ఆమె ఏడవలేదు. పార్కింగ్ చీటీ ఎక్కడ పెట్టానా అని సంచీలో వెతుక్కుంది.

డబ్బింగ్ స్టూడియో యజమాని పెద్దాయన ఆమెను మానిపించలేదు. శబ్దాల గదికి పంపాడు. ఆ గది ఇంజనీరు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. కుర్చీలో నిమిషం కుదురుగా ఉండడు కనుక అందరూ బొంగరం అంటారు. ఆమె మాత్రం బాబాయ్ అంటుంది.

"నాకివేవీ రావు బాబాయ్."

"పుట్టగానే ఎవరికొచ్చాయమ్మాయ్?" అంటూ ఆయన కంప్యూటర్ తెరమీద కొన్ని డబ్బాలు పరిచాడు. "ఇదిగో, ఈ డబ్బా శబ్దం పుట్టిస్తుంది. ఇది వడపోస్తుంది. ఇది తలుపు, తెరిస్తేనే వినబడుతుంది. మౌస్‌తో తీగ లాగి ఒకదాన్ని ఇంకోదానికి కలపడమే. తప్పు కలిపినా ఏదీ కాలిపోదు, ఉత్తుత్తి తీగలేగా. హెడ్‌ఫోన్స్ పెట్టుకునేముందు మాత్రం వాల్యూమ్ తగ్గించు. ఒకసారి పోతే చెవి మళ్లీ..." అని నాలుక కరుచుకున్నాడు.

ఆమెకు ఏమీ అనిపించలేదు. "సరే బాబాయ్" అంది.

మొదటి రోజు శబ్దం పుట్టించే డబ్బాను, మధ్యలో తలుపు పెట్టకుండా, తిన్నగా స్పీకర్లకు కలిపింది. గూమంటూ ఒకటే మోత. భోజనానికి వెళ్లిన బొంగరం తిరిగొచ్చేసరికి ఇంకా వింటూనే ఉంది.

"అదేమైనా పాటా, అంత శ్రద్ధగా వింటున్నావ్?"

"ఆగట్లేదు బాబాయ్."

"నువ్వు ఆపలేదమ్మాయ్."

ఆ వారమంతా తీగలు కలపడం, పీకడం. ఇంట్లో అక్క పని ఎలా ఉందని అడిగితే, కుర్చీ మెత్తగా ఉందని చెప్పింది.

నెల తిరక్కుండానే ఆ ఉడత కార్టూన్ కొత్త భాగానికి ఒక పని వచ్చిపడింది. ఉడత చీకటి గుహలోకి వెళుతుంది. లోపల ఎలుగుబంటి నిద్రపోతూ ఉంటుంది. పాత శబ్దాల్లోంచి బొంగరం తీసి పెట్టిన ఊపిరి విని పెద్దాయన మొహం చిట్లించాడు. "ఎలుగుబంటా, విజిలెయ్యబోయే కుక్కరా?" అని, ఆమె వైపు తిరిగి, "నువ్వు చూడమ్మా" అన్నాడు.

ఆమె ముందుగా గాలిలాంటి రొదను ఎంచుకుంది. దాన్ని వడపోసే డబ్బాకు కలిపి, ఆ వడపోతను మెల్లగా తెరిచి మూసే అల డబ్బాను తగిలించింది. రొద లేచింది, పడింది. బొంగరం కళ్లు మూసుకుని విన్నాడు.

"గడియారంలా ఉంది. ప్రాణమున్నదేదీ ఇంత లెక్కగా ఊపిరి తియ్యదు."

అప్పుడామె తన పొట్టమీద చెయ్యి వేసుకుని గమనించింది. ఒక ఊపిరి పొడుగు, ఒకటి పొట్టి, మధ్యలో ఒకటి తడబడింది. అడ్డదిడ్డంగా అంకెలు విసిరే డబ్బా ఒకటి తెచ్చి, అల వేగాన్ని దాని చేతిలో పెట్టింది. అడుగున ఛాతీ బరువు కోసం సన్నగా ఒక లోతైన స్వరం కలిపింది. మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు బొంగరం విని, కుర్చీ తిప్పడం మానేశాడు.

రికార్డింగ్‌లో ఉడతకు కొత్తమ్మాయి మాట్లాడింది. "ఎవరూ లేరుగా?" అని గట్టిగా అరవాలని కాగితంలో ఉంది. హెడ్‌ఫోన్స్‌లో ఊపిరి వినగానే ఆ పిల్ల దాదాపు పెదాలతోనే అంది. పెద్దాయన అదే ఉంచేయమన్నాడు.

బయటికొచ్చి ఆ పిల్ల ఆమె దగ్గర నిలబడింది. "నిజంగా భయమేసిందక్కా. ఉడత ఉలిక్కిపడితే మీరెలా చేసేవారు? నాకు కుదరట్లేదు."

అసూయ పుడుతుందేమోనని ఆమె లోపల తడిమి చూసుకుంది. పన్ను పీకించుకున్నాక మొద్దుబారిన చెంపను వేలితో నొక్కినట్టే ఉంది. ఆ పిల్ల చెయ్యి తీసుకుని తన పొట్టమీద పెట్టి, "ఇక్కడ్నించి, గొంతులోంచి కాదు" అని గుసగుసలాడింది. మూడోసారికి కుదిరింది.

ఆ భాగం టీవీలో వచ్చిన రోజున, చివర్లో వచ్చే పేర్లలో 'శబ్దాలు' అన్నచోట ఆమె పేరు పడింది. అక్క గబగబా ఫోన్‌లో ఫొటో తీసింది.

"నీకు సంతోషంగా లేదే?"

"ఉందేమో. ఇంకా తెలియట్లేదు."

"సరే, తెలిసినప్పుడు చెప్పు" అని, అక్క ఆరిన బట్టలు మడత పెట్టడానికి వెళ్లింది.