చెంగల్రాయుడు ఎట్లాంటోడు?

నేను ఒక సింగిల్ బ్యారెల్ తుపాకీని. పేరుకు తుపాకీనే గానీ, నా జీవితంలో ఎక్కువ భాగం గోడకు ఆనుకునే గడిచింది. ఏదో పెద్ద కార్ఖానాలో పుట్టాను. నా గొట్టాన్ని నునుపు చేసినవాడు పని చేస్తున్నంతసేపూ హాయిగా కూనిరాగం తీసేవాడు. నేను ఎవరి ప్రాణం తీస్తానో అన్న దిగులు అతనికి ఉన్నట్టు కనిపించలేదు. నాకూ లేదు. అప్పటికి చిన్నదాన్ని.

నన్ను కొన్నది చిత్తూరు జిల్లాలో టమాటా, వేరుశనగ పండించే మునిరత్నం నాయుడు. చేలో పడే అడవిపందుల కోసం లైసెన్సు తీసుకున్నాడు. ఆయన గురి ఎంత గొప్పదంటే, పందులకు నా చప్పుడు అలవాటైపోయి, నేను పేలాక కూడా తీరిగ్గా తింటూనే ఉండేవి. ఆయన వాటిని తిట్టుకుంటూ నన్ను భుజాన వేసుకుని ఇంటికొచ్చేవాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పజెప్పాలి కదా, నన్ను పాత పంచెలో చుట్టి తీసుకెళ్లేవాడు. నాకది పుట్టింటికి వెళ్లినట్టుండేది. అక్కడ మిగతా ఊళ్ల తుపాకులతో కలిసి ఊరికే కూర్చోవడం తప్ప పని లేదు.

నాయుడు పోయాక నన్ను మళ్లీ స్టేషన్లోనే పెట్టారు. నన్ను తన పేరు మీదికి మార్చమని కొడుకు చెంగల్రాయుడు దరఖాస్తు పెట్టాడు. చెంగల్రాయుడికి ముక్కు మీద కోపం. టీవీలో మనవాళ్లు క్రికెట్ ఓడిపోయారని టీవీ పగలగొట్టాడు. కొత్తది తెచ్చాడు. అదీ ఓడిపోయింది. భార్య పుట్టింటికి వెళ్లి విడాకులు తీసుకుంది. ఇక కోపం చూపించడానికి ఇంట్లో ఎవరూ లేక, అది గంగ జాతర మీద పడింది. నిరుడు జాతరలో చందాలిచ్చినవాళ్ల పేర్లు మైకులో చదువుతూ అతని పేరు మరిచిపోయారు.

నూనె సీసా పట్టుకుని నన్ను చూడటానికి వచ్చేవాడు. పాపం తండ్రి గుర్తు కదా అని స్టేషన్లో వాళ్లు ఊరుకునేవారు. ఒకరోజు నాకు నూనె రాస్తూ, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"ఈ జాతరకు నిన్ను తీసుకపోతా. ముందు వరసలో ఎవరుంటే వాళ్లే. ఆ తర్వాత మైకులో నా పేరు ఎట్ల చదవరో చూస్తా."

నాకు భయమేసింది. పందుల్ని కూడా చంపని తుపాకీని నేను. జాతరకు వచ్చే జనమంతా కళ్లముందు మెదిలారు. ఆ మాట ఎవరికీ చెప్పలేనందుకు ఏడుపొచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీలో ఒక బిల్లు తయారవుతోంది. ఎవడో ఒకడి కోపానికి గుంపులో జనం బలి కాకూడదని, తుపాకీ అడిగినవాడు ఎలాంటి మనిషో ముందే ఇరుగుపొరుగును విచారించాలట. బిల్లు ఇంకా పాస్ కాలేదు. అయినా ఎలా పనిచేస్తుందో చూడమని మా స్టేషన్‌కు పురమాయించారు. అందులో ఒక తెలివైన నిబంధన ఉంది. యూనిఫాం చూస్తే జనం "మాకేం తెలీదు సార్" అంటారు కాబట్టి, అడిగేవాళ్లు మామూలు బట్టల్లో వెళ్లాలి. పోలీసులమని చెప్పకూడదు.

ఆ నిబంధన రాసిన పెద్దమనిషి మా వైపు ఎన్నడూ రాలేదని నా నమ్మకం. ముక్కూమొహం తెలియని ఆడమనిషి మంచి చీర కట్టుకుని వచ్చి, ఫలానా ఆయన తాగుతాడా, కోపమెక్కువా అని అడిగితే మా వైపు దానికి ఒకటే అర్థం. సంబంధం విచారించడానికి వచ్చింది. అలాంటప్పుడు ఊరంతా ఒక్క మాట మీద ఉంటుంది. ఒకరి పెళ్లి చెడగొట్టిన పాపం మాకెందుకని అందరి భయం.

కానిస్టేబుల్ రెడ్డెమ్మ సాయంత్రం తిరిగొచ్చి, నా పక్కనే నిలబడి ఎస్సైకి చెప్పింది.

"ఆ ఊర్లో ఆయప్పంత మంచోడు లేడంట సార్. కిళ్లీ కొట్టాయన బంగారమన్నాడు. ఎదురింటామె కాఫీ ఇచ్చి, ఆయనకు కోపమంటే ఏందో తెలీదనింది. మరి మీ కిటికీ అద్దాలు ఎవరు పగలగొట్టినారమ్మా అంటే, గాలికి పగిలినాయంట. అందరూ పిల్ల ఏం చదువుకుందని నన్నే అడుగుతారు."

"పోలీసని చెప్పలేదు గదా?"

"చెప్పకూడదంటిరి గద సార్."

"అయితే విచారణ సక్రమంగానే జరిగింది," అని ఎస్సై సంతకానికి పెన్ను తీశాడు.

"ఇంకొకామె ఉంది సార్," అంది రెడ్డెమ్మ. "ఆయన సొంత అక్క, గోవిందమ్మ."

ఆమె రెడ్డెమ్మకు మంచినీళ్లిచ్చి, పెరట్లోకి తీసుకెళ్లి, వంకరగా అతుక్కున్న ఎడమ మణికట్టు చూపించిందట. "అన్నంలో ఉప్పు తక్కువైందని తలుపు సందులో పెట్టి నలిపినాడు. నా తమ్ముడే, కాదనను. కానీ మీ ఇంటి పిల్లను వాడికియ్యొద్దు. నీ కాళ్లు పట్టుకుంటానమ్మా," అని నిజంగానే వంగిందట.

ఎస్సై పెన్ను జేబులో పెట్టుకున్నాడు. చెంగల్రాయుడికి లైసెన్సు రాలేదు.

జాతర వచ్చింది. నేను మూలనే ఉన్నాను. చెంగల్రాయుడు నేను లేకుండానే వెళ్లి, పేర్లు చదవబోతుండగా రోకలిబండతో మైకు సెట్టు పగలగొట్టాడు. ఈసారి కమిటీవాళ్లు భయపడి మొదటి పేరు అతనిదే పెట్టారట. అది చదివేలోపే కొట్టేశాడు. జనం అంబలి తాగి, పాటలు లేని జాతరేం జాతరని కమిటీని తిట్టుకుంటూ క్షేమంగా ఇళ్లకు పోయారు. అతన్ని తెచ్చి నాకెదురుగా ఉన్న లాకప్పులో వేశారు.

మరునాడు గోవిందమ్మ క్యారియర్ తెచ్చింది. యూనిఫాంలో రెడ్డెమ్మను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. రెడ్డెమ్మ సంగతంతా చెప్పి, నన్ను చూపించింది. గోవిందమ్మ నావైపు తిరిగింది.

"తుపాకీ కోసమా? పిల్ల కోసమనుకుంటి గదమ్మా. తుపాకీకని తెలిసుంటే, నా తమ్ముడు దేవుడని చెప్పుండేదాన్ని."

క్యారియర్ విప్పి, అన్నంలో ఉప్పు సరిపోయిందో లేదో నోట్లో వేసుకుని చూసి, ఊచల్లోంచి తమ్ముడికి అందించింది.

బిల్లు ఇంకా చర్చలోనే ఉందట. నాకు నూనె రాసేవాళ్లు లేరు, తుప్పు పడుతోంది. పట్టనీ. అమ్మవారి అంబలి కుండ ఎత్తుకుని ముందు వరసలో అందరికన్నా ముందు నడిచింది గోవిందమ్మేనని, బందోబస్తుకు వెళ్లొచ్చిన రెడ్డెమ్మ మాటల్లో విన్నాను. ముందు వరస సంగతి చెంగల్రాయుడు నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. గోవిందమ్మకు తెలిసిందల్లా పొరపాటున నిజం చెప్పానని. అందుకే క్యారియర్ తెచ్చినప్పుడల్లా తమ్ముడి ముందు తల దించుకుంటోంది.