అడగకుండా కట్టిన మంద

రజిని పెట్టె హాస్టల్ గేటు బయట దుమ్ములో బోర్లా పడింది.

"ప్రేయర్‌లో అందరి ముందర నీళ్ళ ట్యాంకర్ ఏదని అడిగినావు కదా? మీ ఊరికే పోయి తాగు," అన్నాడు ప్రిన్సిపాల్ కరుణాకరం.

మార్కాపురంలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీ అంతా వరండాల్లో నిలబడి చూసింది. ఎవరూ నోరు విప్పలేదు. రజిని గదిలోనే ఉండే నాగవేణి కూడా విప్పలేదు.

ఆ వారమే నాగవేణి ఇంటికి పోయి తండ్రితో చెప్పింది. "ఆ కాలేజీ వద్దు నాయనా. మాట్లాడనిచ్చే కాలేజీ యాడుందో చూసుకుందాం."

పుల్లలచెరువు పక్కన గొర్రెలు మేపే ఎర్రయ్యకు అది వింతగా తోచలేదు. మేత లేని చోటు వదిలి మేత ఉన్న చోటికి పోవడమే ఆయన బతుకు. మందను తమ్ముడికి అప్పజెప్పి బిడ్డతో బస్సెక్కాడు.

గిద్దలూరు. పొదిలి. పోయిన ప్రతిచోటా నాగవేణి ముందుగానే అడిగేది. "సార్, ఈడ పిల్లోళ్ళు మీటింగ్ పెట్టుకోవచ్చునా? సంఘం ఉందా?"

అది ఇంటి అలవాటు. ఆసామిని అడగనిదే ఎర్రయ్య ఏ చేలోనూ మంద ఆపడు.

గిద్దలూరులో గుమస్తా నవ్వాడు. "సంఘమా? మాది ర్యాంకుల కాలేజీ తల్లీ." పొదిలిలో చేతికిచ్చిన దరఖాస్తు తిరిగి లాక్కున్నారు. వెనకే వచ్చిన ఒక లెక్చరర్ గొంతు తగ్గించాడు. "అట్ల ముందే అడిగితే యాడా సీటియ్యరు పాపా."

తిరుగు బస్సులో ఎర్రయ్య చెప్పులు విడిచి పిక్కలు నొక్కుకుంటున్నాడు.

"మేత లేని చేలో ఏం జేస్తారు నాయనా?" అంది నాగవేణి.

"మంద కడతాం. కొన్ని రాత్రులు గొర్రెలు ఆడనే పండుకుంటే ఎరువు పడి, వచ్చే ఏటికి పచ్చగైతది."

"ఆసామి ఒప్పుకోకుంటే?"

ఆయన వంగి చెప్పులు తొడుక్కున్నాడు. "చేను ఎవరిదో తేల్చుకో ముందు."

నాగవేణి రజినికి ఫోన్ చేసింది. "పెట్టె తీసుకొని రా అక్కా."

ఇద్దరూ మార్కాపురం కాలేజీ గ్రౌండు నడుమ ఎండలో కూర్చున్నారు. ఎర్రయ్య రజిని పెట్టెతో గేటు దగ్గర ఆగిపోయాడు.

"ఎవర్ని అడిగి కూర్చున్నారు?" అరిచాడు కరుణాకరం.

"అడగడం అయిపోయింది సార్. రజినిని మళ్ళీ హాస్టల్లోకి రానియ్యండి. నీళ్ళు తెప్పియ్యండి," అంది నాగవేణి.

ఆయన మెట్ల మీది నుంచే నవ్వాడు. "గొర్రెలోళ్ళ పిల్ల కదా. ఎండ నెత్తికెక్కితే తనే లేచి పోతది."

వరండాలో ఆ మాట అందరికీ వినిపించింది. ఒకమ్మాయి మెట్లు దిగింది. ఆమె వెనక ఇంకొకరు. ఆ తర్వాత హాస్టల్ మొత్తం దిగింది.

"తలలు లోపలికి పెట్టండే," అంది నాగవేణి. "ఒకరి నీడలోకి ఒకరు."

మధ్యాహ్నం బీడు భూమిలో గొర్రెలు నిలబడినట్టే, తలలు లోపలికి వంచి, చున్నీలు కప్పుకొని గుండ్రంగా కూర్చున్నారు. ఎండ ముదిరింది. ఎవరూ లేవలేదు.

పోలీసు జీపు వచ్చింది. నాగవేణినీ రజినినీ ఎక్కించారు. వాళ్ళు లేచిన ఖాళీలోకి పక్కవాళ్ళు జరిగి కూర్చున్నారు.

జీపు గేటు దగ్గర ఆగిపోయింది. దారికి అడ్డంగా రజిని పెట్టె, దాని మీద ఎర్రయ్య.

"లెయ్ పెద్దాయనా!" కానిస్టేబుల్ లాఠీ ఊపాడు.

"నా వల్ల కాదు సారూ," అన్నాడు ఎర్రయ్య, మోకాళ్ళు రుద్దుకుంటూ. "ఊళ్ళన్నీ తిరిగొచ్చినా. ఇంక యాడికీ పోలేను."