లోపల ఎంతసేపు

మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకు లక్ష్మీరాజాన్ని ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకుపోయారు. తొమ్మిదీ నలభైకి తలుపు తెరుచుకుంది.

బయట బల్ల మీద కూర్చున్న జమునకు ఆ లెక్క తెలుసు. మూడు గంటలు పడితే మంచిది. నాలుగు పడితే ఇంకా మంచిది. గంటలోపే తలుపు తెరిస్తే చేసేదేమీ లేదని అర్థం. నాలుగు రోజుల కింద డాక్టరమ్మ మొగుడూ పెళ్లాలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పిన మాట అది.

లక్ష్మీరాజం సిరిసిల్ల పక్క పల్లెటూరివాడు. పంతొమ్మిదో ఏట సూరత్ వచ్చాడు. కాపురం లింబాయత్‌లో, పని కడోదరాలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద. ఒక్కడు పది సాంచాలు చూసుకోవాలి. ఎక్కడ పోగు తెగితే అక్కడికి ఉరికి, ముందుకు వంగి, పోగు ముడివేసి మళ్లీ నడపాలి. వంగినప్పుడల్లా పొట్ట సాంచా ముందరి దూలానికి ఒరుసుకుంటుంది. అట్లా రోజుకు పన్నెండు గంటలు.

ఎనిమిదేళ్ల కింద కడుపు నొప్పి వచ్చింది. పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు. పొట్టకు నాలుగు రంధ్రాలు పెట్టి, బొడ్డు దగ్గరి రంధ్రంలోంచి ఆ పిత్తపు తిత్తిని బయటికి లాగారు. మూడో రోజు ఇంటికి పంపారు. కుట్లు విప్పించుకోవడానికి పోయినప్పుడు, తిత్తిని పరీక్షకు పంపితే దాని గోడలో క్యాన్సర్ ఉందని తేలిందన్నారు. మళ్లీ కోశారు. ఈసారి పక్కటెముకల కింద జానెడు కోత. కాలేయంలో ఒక ముక్క తీశారు. ఆరు నెలలు మందు ఎక్కించారు. తర్వాత మూడు నెలలకోసారి పరీక్ష, ఆ తర్వాత ఆరు నెలలకోసారి. ఐదేళ్లు నిండిన రోజు డాక్టర్ లేచి నిలబడి అతని చేయి పట్టి ఊపాడు. లక్ష్మీరాజం సాంచాల కాడ అందరికీ పేడాలు పంచాడు.

పోయిన దీపావళి సెలవుల తర్వాత బొడ్డుపైన కాయలాంటిది గట్టిగా చేతికి తగిలింది. సాంచాల పనివాడికి అది వింత కాదు. తోటి పనివాడు రఘుపతి ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు లక్ష్మీరాజం బనియను ఎత్తి చూపించాడు.

"గిదేనా బావా?" రఘుపతి నవ్వి తన అంగీ ఎత్తాడు. "ఇగో నాది చూడు. రూపాయి బిళ్లంత. నీది ఇంకా పావలానే. ఇరవై తొమ్మిదేండ్లు సాంచాలు నడిపి గింతే సంపాయించినవా?"

"అంగీ దించు తమ్మీ, అన్నం తినే కాడ," అంది జమున.

"అక్కా, గిది మాకు శేఠ్ ఇచ్చిన మెడల్. దాచుకుంటే ఎట్ల?"

పొట్టకు కాయ కాస్తే సాంచాల పనివాళ్ల ఇళ్లలో చేసేదొకటే. ఆముదం గోరువెచ్చగా చేసి రుద్దుతారు. లేకుంటే చర్మం పగిలి చెమట తగిలి మండుతుంది. జమున రోజూ రుద్దింది. అతను పని నుంచి వచ్చి స్నానం చేసి చాప మీద పడుకుంటే, గిన్నె పక్కన పెట్టుకుని బొటనవేలితో చుట్టూ తిప్పుతూ రుద్దేది. అతను అట్లాగే నిద్రపోయేవాడు. చలికాలమంతా రుద్దింది.

హోలీకి ముందు ఒకరోజు కూతురు రుచిత చూసింది. రుచిత సూరత్‌లోనే పుట్టి పెరిగింది. బట్టల మార్కెట్‌లో ఒక దుకాణంలో కంప్యూటర్ మీద బిల్లులు కొడుతుంది.

"బాపూ, గిది కాయ గాదు. కాయ పైన ఉంటది. గిది లోపట్నుంచి లేస్తున్నది."

"నీకేం తెలుసే? సాంచా మొఖం చూసినవా ఎన్నడన్న?"

"సాంచా నాకు తెల్వది. నీ పొట్ట తెలుసు. ఆపరేషన్ మచ్చ సరిగ్గా గీడనే ఉండె. మచ్చ ఏది? చలో డాక్టర్ కాడికి. నాటకాలు వద్దు."

సూది గుచ్చి పరీక్షకు పంపారు. వారం తర్వాత పిలిచి చెప్పారు. పాత క్యాన్సరే. తిత్తిని లాగిన దారిలోనే, ఇన్నేళ్లకు.

పాత డాక్టర్ ఊరు విడిచిపోయాడు. కామ్‌రేజ్ వైపు కొత్త ఆస్పత్రిలో డాక్టరమ్మకు చూపించారు. గుజరాతీ ఆమె. హిందీలో చెప్పింది, మెల్లగా. స్కాన్‌లో గడ్డ ఒక్కటే కనిపిస్తోంది. లోపల చిన్న చిన్నవి ఉంటే స్కాన్‌కు అందవు. అందుకని ముందు పక్క నుంచి కెమెరా పెట్టి చూస్తాం. లోపల ఏమీ లేకుంటే గడ్డను చుట్టూ కండతో సహా కోసి తీసేస్తాం, మూడు నాలుగు గంటల పని. లోపలి పొర మీద నూకలు చల్లినట్టు ఉంటే కోసి లాభం లేదు. చిన్న ముక్క తీసుకుని మూసేస్తాం, గంట కూడా పట్టదు.

లక్ష్మీరాజం తలూపాడు. జమునకు ఒక మాట అడగాలని ఉంది. ఇరవై రెండేళ్లుగా కూరగాయల బండ్ల దగ్గర నేర్చుకున్న హిందీలోనే అడిగింది. నేను నూనె పెట్టి రుద్దితిని, దానికే పాకిందా అని.

కాదు, అంది డాక్టరమ్మ.

"మూడు నెలలు రుద్దిన మేడమ్. గట్టిగ రుద్దిన."

కాదు, అని డాక్టరమ్మ మళ్లీ అంది. లక్ష్మీరాజం భార్య మోకాలి మీద చేయి వేసి, "ఇగ లే," అన్నాడు.

ఆపరేషన్ నాటి పొద్దున, ఆకుపచ్చ గౌను తొడిగి బండి మీద పడుకోబెట్టాక, అతను జమునను దగ్గరికి పిలిచాడు.

"బయటికొచ్చి కండ్లు తెరిచినంక నేను ఒక్కటే అడుగుత. టైమెంత అయిందని."

"డాక్టరమ్మనే అడుగు. ఆమె చెప్తది."

"ఆమె చెప్పదు. పేషెంట్‌కు ధైర్యం చెప్పుడు ఆమె పని. అంతా ఠీక్ ఉందంటది. టైము అట్ల గాదు. పొద్దున ఉంటే పొద్దున, పగటీలి అయితే పగటీలి. నువ్వు ఉన్నదే చెప్పాలె."

"సరే."

"సరే అంటే గాదు."

"చెప్తనంటి గదా. ఇగ ఆ బండి నడిపేటాయన నీ కోసమే నిలబడ్డడు."

బండి నడిపేవాడు మరాఠీవాడు. ఏమీ అర్థం కాకపోయినా నవ్వాడు. తలుపు మూసుకుంది.

రఘుపతి అప్పటికే వచ్చి ఉన్నాడు. రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోకుండా నేరుగా వచ్చాడు. తలలో, కనుబొమల మీద నూలు దుమ్ము అట్లాగే ఉంది. బల్ల మీద జమునకు కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"అక్కా, బావ సాంచాలు రాత్రి నేనే నడిపిన. పది ఆయనవి, పది నావి. ఆయనవి మాట వినవు. మనిషిని గుర్తుపడ్తయి అవి."

జమున తలుపు వైపే చూస్తోంది.

"నాలుగు గంటలు పడ్తది. నువ్వు జర ఒరుగు."

"పడనీ," అంది జమున. "ఆరు పడనీ."

మందులు కావాలని నర్సు చీటీ ఇస్తే రుచిత కిందికి పోయింది. రఘుపతి కూర్చున్నచోటే కునుకు తీశాడు. తలుపు తెరుచుకున్నప్పుడు మేలుకుని ఉన్నది జమున ఒక్కతే.

డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి, నిలబడి చెప్పకుండా, వచ్చి బల్ల మీద పక్కన కూర్చుంది. లోపలి పొర మీద అంతటా ఉన్నాయంది. గడ్డను ముట్టుకోలేదంది. మందు ఎక్కించవచ్చు, దానితో కొంతకాలం ఆగవచ్చంది. ఎంతకాలమో ఇప్పుడే చెప్పలేనంది.

జమున విన్నది. విని, మళ్లీ ఆ మాటే అడిగింది. నేను రుద్దకపోతే లోపలికి పోయేది కాదు గదా అని.

డాక్టరమ్మ ఆమె కుడి చేయి తీసుకుని బొటనవేలు పట్టుకుంది. "బెహన్, ఎనిమిదేళ్ల కింద తిత్తి బయటికొచ్చినప్పుడే అవి అక్కడ రాలాయి. ఇన్నేళ్లు అక్కడే ఉన్నాయి. నీ చేయి చేసింది ఏమీ లేదు." డాక్టరమ్మ వేలు వదిలి లేచి లోపలికి పోయింది.

రఘుపతి మేలుకున్నాడు. గోడ గడియారం చూశాడు. రుచిత మందుల సంచితో మెట్లెక్కి వచ్చి, బల్ల మీద తల్లిని చూసి, ఫోన్‌లో టైము చూసి, సంచి నేల మీద పెట్టి తల్లి ఒళ్లో తల పెట్టింది. జమున ఆమె జడ సరిచేస్తూ ఉండిపోయింది.

కాసేపటికి, "టైము అడుగుతడు," అంది జమున.

లక్ష్మీరాజాన్ని తెచ్చి కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు. ఎండ మంచం మీదికి వస్తోంది. రుచిత పోయి తెర లాగింది. ఫోన్ సంచిలో వేసింది. రఘుపతి చేతి గడియారం విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఆ గదిలో గోడకు గడియారం లేదు. వచ్చిన నర్సును రుచిత వాకిట్లోనే ఆపి గుజరాతీలో ఏదో చెప్పింది. నర్సు తలూపి, వెనకే వస్తున్న పొద్దుటి చాయ్ బండిని లోపలికి రానీయకుండా ముందుకు పంపింది.

లక్ష్మీరాజం కళ్లు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచి మనుషులను ఒక్కొక్కరినే చూశాడు. పెదవులు తడుపుకున్నాడు.

అతను అడిగేలోపే దుప్పటి కింద అతని చేయి కదలడం జమున చూసింది. చేయి పొట్ట మీదికి వచ్చింది. పక్కన వేసిన చిన్న పట్టీ దాటి మధ్యకు వచ్చింది. బొడ్డు పైన ఆగింది. అక్కడ పట్టీ లేదు. గడ్డ ఉంది.

గడియారాలన్నీ దాచారు. గడ్డను ఎవరూ తలుచుకోలేదు.

చేయి అక్కడే ఉంది. అతను భార్య ముఖంలోకి చూశాడు.

"టైమెంతయింది?"

రుచిత గోడ వైపు తిరిగింది. జమున దుప్పటి అంచు సరిచేసింది.

"రెండు దాటింది," అంది.

"రెండా?"

"రెండుంబావు అయితది."

లక్ష్మీరాజం చేయి దుప్పటి కిందనే ఉంచుకున్నాడు. తర్వాత రఘుపతి వైపు చూశాడు.

"ఏందిరా బామ్మర్దీ, పగటీలి రెండు దాంక తానం చెయ్యలేదా? తలంత దూది."

"గిట్ల మంచిగున్ననని ఉంచుకున్న బావా," అన్నాడు రఘుపతి.

"మంచిగనే ఉన్నవ్." అతను జమున వైపు తిరిగాడు. "మరి రెండు దాటిందంటే మీరెవ్వరు అన్నం తిన్నట్టు లేరు."

"తింటం తియ్."

"ఎప్పుడు తింటరు? పొద్దు గూకినంకనా? నేను పండుకుంట. పొండ్రి, పోయి తినిరాండ్రి. నువ్వు కూడ పో జమునా."

ఆమె కదల్లేదు. "పో," అన్నాడు. ఇంకోసారి కూడా అన్నాడు. కళ్లు మూసుకున్నాడు.

ముగ్గురూ మెట్లు దిగి కింది క్యాంటీన్‌కు పోయారు. జనం చాయ్ తాగుతూ, పొద్దుటి టిఫిన్‌కు ఖమణ్ తింటున్నారు. మూడు అన్నాలు కావాలని రఘుపతి అడిగాడు. అన్నం పన్నెండు దాటితే గాని కాదని కౌంటర్ దగ్గరి మనిషి చెప్పాడు.