మంగాయమ్మ చెయ్యి

నాకు కోపం ఎక్కువ. గేదెను కట్టేయకుండా నన్ను పిలిచినవాళ్ళనీ, పని అయ్యాక కాఫీ తాగి వెళ్ళమన్నవాళ్ళనీ ఒకే గొంతుతో కసురుతానని పెందుర్తి చుట్టుపక్కల పేరు. అనూరాధ మేడమ్ వస్తోందంటే గేదెల కంటే ముందు మనుషులు సర్దుకుని నిలబడతారు. పశువుల డాక్టరుగా ఆరేళ్ళలో నేను సంపాదించింది అదే.

ఆ రోజు మంగాయమ్మ ఇంటికి కూడా కోపంతోనే వెళ్ళాను. మూడు నెలల్లో వాళ్ళ వీధిలో నాలుగు చూడి గేదెలు నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి. నాలుగోది ఆమెదే. ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చింది, బ్రూసెల్లా అని. ఈసుడు రోగం అంటారే, దానికి కారణం ఈ బాక్టీరియానే. గ్రామ్ నెగటివ్ జాతి. రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఎర్రటి సన్న ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. పడిపోయిన దూడలో, మాయలో, ఆ నీళ్ళలో కోట్లకొద్దీ ఉంటుంది. మనుషులకీ అంటుకుంటుంది.

మంగాయమ్మకి అరవై దాటాయి. ఆ వీధిలో ఏ గేదె ఈనినా ముందు కబురు ఆమెకే. అడ్డం తిరిగిన దూడని లోపల చెయ్యి పెట్టి సరిచేస్తుంది, పడని మాయని తీస్తుంది. అంతా ఉత్త చేత్తోనే, మోచేతిదాకా పసుపూ ఆముదమూ రాసుకుని. ఆ ఉత్త చెయ్యి గురించే నాలుగు దులుపుదామని వెళ్ళాను.

వెళ్ళేసరికి మే నెల ఎండలో దుప్పటి కప్పుకుని మంచం మీద ఉంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"జొరం డాట్రమ్మా. సాయంత్రమైతే ఒత్తాది, తెల్లారికి సెమటలట్టి పోతాది. టైఫాయిడ్ అని మూడుసార్లు మందులిచ్చారు. కీళ్ళు పీకేత్తన్నాయి."

నా కోపం అక్కడే చప్పున చల్లారింది. రక్త పరీక్ష చేయించాను. అనుకున్నదే అయింది, ఆమెకీ బ్రూసెల్లానే. ఆసుపత్రిలో ఆరు వారాల మందులు రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని మళ్ళీ ఆమె మంచం పక్కన కూర్చున్నాను.

"ఇది మొదట ఏ గేదె దగ్గర మొదలైందో గుర్తుందా?"

"ఈది సివర ఇంటోలు సంతలో కొన్నారే, ఆ గేదె. మాయ పడలేదని నన్ను ఎల్లమని నువ్వే గదా ఫోన్ సేసినావు?"

గుర్తొచ్చింది. ఆ రోజు దువ్వాడలో టీకాల క్యాంపులో ఉన్నాను. 'నేను రాలేను, నువ్వెళ్ళి తీసెయ్యి పెద్దమ్మా' అన్నాను. ఇలా ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆమె చెయ్యి నాకు అంత సుఖంగా అలవాటైపోయింది. భుజందాకా వచ్చే గ్లవుజులు నా బండి డిక్కీలో పెట్టెడు ఉంటాయి. ఆమెకి ఒక్క జత ఇవ్వాలని తోచలేదు.

"మాయ తీసొచ్చాక ఏం చేశావు?"

"ఏటి సేత్తాను? పసుపు నీళ్ళతో సెయ్యి కడుక్కుని మా గేదెకి కుడితి కలిపాను. పక్కింటి చంద్రికకి నడుం నొప్పని ఆలింట్లోనూ కలిపాను. వాసు పోర్టుకి డూటీకెల్తే ఆడి గేదెకి ఎప్పుడూ నానే గదా..."

ఆగిపోయింది. ఈసుకుపోయిన మిగతా మూడు గేదెలూ అవే. కుడిచెయ్యి దుప్పట్లోంచి తీసి చూసుకుంది.

"అంటే నానే తినిపించేసినానా?"

కుక్కలు మాయని ఈడ్చుకెళ్ళినా వస్తుందన్నాను. కాలవ నీళ్ళన్నాను. ఆమె నా మొహం వైపే చూస్తూ కూర్చుంది.

"సరిగ్గా సెప్పు."

"అవును పెద్దమ్మా. చాలావరకు కుడితిలోంచే వచ్చుంటుంది."

"అయితే ఆలకి సెప్పాలి."

వద్దన్నాను. వచ్చే బుధవారం ఆ వీధిలో పన్నెండు పెయ్యలకి ఈ రోగానికి టీకా వెయ్యాలి. జనం గొడవపడితే ఒక్కరూ పెయ్యని కట్టరు, రోగం అక్కడే పాతుకుపోతుంది. ఇది నేను పైకి చెప్పిన కారణం. లోపలి కారణం వేరు. ఆమెని పంపిందెవరని అడిగితే నా పేరు వస్తుంది. సిగ్గుగా ఉంది కానీ అదే నిజం.

నా మాట వినలేదు. చీర సర్దుకుని బయల్దేరింది. నేనూ వెనకాలే వెళ్ళాను. చంద్రిక విని తలుపేసుకుంది. వాసు మాత్రం వీధిలోకే వచ్చేశాడు. వాడిది తొలిచూలు గేదె, ఇంకో పెయ్యతో పాటు పెద్ద ఆశతో పెంచుకున్నాడు.

"నిన్ను నమ్మి గేదెనొగ్గేసి డూటీకెల్తే ఇదా పెద్దమ్మా నువ్వు సేసింది? ఇంక మా గుమ్మం తొక్కకు!"

ఇళ్ళలోంచి జనం వచ్చారు. మంగాయమ్మ తల దించుకుని నిలబడింది. నేను వాళ్ళిద్దరి మధ్యకి వచ్చాను. ఎలాగో నోరు తెరిచాను.

"వాసూ, ఆ రోజు ఆవిణ్ణి పంపింది..."

"నువ్వూరుకో డాట్రమ్మా!" అని మంగాయమ్మ నా మీద అరిచింది. "మా ఈది గొడవలో నీకేటి పని?"

ఆరేళ్ళలో నా మీద ఎవరూ అలా అరవలేదు. ఆమె వాసు వైపు తిరిగింది.

"ఈ డాట్రమ్మ గ్లవుజులిచ్చి ఏసుకోమని ఎన్నిసార్లు సెప్పిందో. నానే ఇన్లేదు. బుధవారం టీకాలేత్తాది, నీ పెయ్యని కట్టుంచు. నా మీద కోపం దాని మీద సూపించకు."

వాసు నా వైపు చూశాడు. "ఎన్నింటికొత్తారు మేడమ్?" అన్నాడు మర్యాదగా. ఆ మర్యాదకి నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"ఎందుకమ్మా అబద్ధం చెప్పావు?" అని దారిలో అడిగాను.

"నా సెయ్యి ఎలాగూ పోయింది. నీ సెయ్యి కూడా నమ్మడం మానేత్తే ఆ పెయ్యల గతేటి?"

బుధవారం పన్నెండు పెయ్యలూ కట్టేసి ఉన్నాయి. గ్లవుజులేసుకుని ఒక్కొక్కదానికీ టీకా వేసుకుంటూ వెళ్ళాను. మంగాయమ్మ బయటికి రాలేదు. చివరికి వాసు పెయ్యకి వేసి, సూది తీశాక, వాడికి నిజం చెప్పాను. ఆ రోజు పంపింది నేనేనని, గ్లవుజులు నేనెప్పుడూ ఇవ్వలేదని, ఆమె నా కోసం అబద్ధమాడిందని.

వాసు పెయ్య మెడ నిమిరాడు. నన్ను ఒక్క మాట తిట్టినా బాగుండేది. తాడు గుంజకి ముడేసి, నా వైపు చూడకుండా వీధి దాటి, మంగాయమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"పెద్దమ్మా," అని పిలిచాడు, "జొరం తగ్గిందేటి?"